ఊరక యుండు మనస్సు

ఊరక కూర్చున్నవాని మనస్సు నిజముగా ఊరక యుండునా? తరగతిలో కిటికీ వంక చూచుచు మౌనముగా కూర్చున్న బాలురను నేను పలుమారులు సోమరులని మందలించితిని. మెదడును గూర్చిన శాస్త్రమును కొంత చదివిన పిదప ఆ మందలింపులు నన్నే ప్రశ్నించుచున్నవి.

మన మెదడు బరువు శరీరపు బరువులో నూటికి సుమారు 2 వంతులు మాత్రమే. అది వ్యయపఱచు శక్తియో నూటికి 20 వంతులు. కఠినమైన లెక్క చేయునపుడును ఈ వ్యయము పెరుగునది స్వల్పమే. అనగా విశ్రాంతి వేళను లోపల పని సాగుచునే యుండును.

ఈ పనిని చూచుటకు సాధనము ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. రక్తమందలి ప్రాణవాయువు మార్పులను అయస్కాంతశక్తితో చిత్రించు మార్గమును 1990లో సెయిజీ ఒగావా చూపెను. 1995లో భరత్ బిస్వాల్, ఆయన సహచరులు అమెరికాలో ఒక వింతను గమనించిరి. చేతులు కదల్పక పడుకొన్నవారి మెదడునందు ఎడమచేతిని, కుడిచేతిని నడుపు భాగములు రెండును మందముగా, కలిసి హెచ్చుచు కలిసి తగ్గుచుండెను. ఒక చోటి హెచ్చుతగ్గులు మఱియొక చోటి వానితో ఎంతవఱకు పొందునో లెక్కించుటయే ఈ విశ్లేషణము. 2001లో మార్కస్ రైకిల్ బృందము, పనివేళ తగ్గి విశ్రాంతివేళ హెచ్చు భాగములను వివరించెను. గతస్మరణము, తన్ను గూర్చిన తలపు ఈ భాగములతో ముడిపడి యున్నవని పిదప తెలిసినది.

అయితే కలిసి కదలుటయే సంబంధమగునా? ఒకే గాలికి రెండు చెట్లు ఊగినచో, ఒకటి రెండవదానిని ఊపెనని చెప్పరాదు గదా! శ్వాస, గుండె కొట్టుకొనుట, తల కదలిక ఇచట ఆ గాలి వంటివి. తల మిల్లీమీటరులో కొంత భాగము కదిలినను, సమీప భాగముల పొందిక హెచ్చినట్లును, దూర భాగముల పొందిక తగ్గినట్లును కనబడునని 2012లో పరిశోధకులు తేల్చిరి. పిల్లలు పెద్దలకంటె ఎక్కువగా కదలుదురు. కావున బాలుర మెదడున దూరబంధములు బలహీనమని అంతకుముందు చెప్పిన భేదములో కొంత భాగము కేవలము కదలికవలన పుట్టినదే. ఈ లోపమును వెల్లడించినవారిలో ఆ పూర్వఫలితములను ప్రకటించినవారును కలరు. తమ తప్పును తామే చాటిన ఆ నిజాయితీ, ఆ యంత్రము కంటె గొప్పది.

అచట కదలిక మెదడు స్వభావముగ ఎంచబడినది. నా తరగతిలో నిశ్చలత సోమరితనముగ ఎంచబడినది. రెండు చోట్లను బయటి లక్షణమే లోపలి సత్యమని భ్రమ కలిగినది. అనేకుల సగటున కనబడిన దానితో ఒక్క మనిషిని తూచుటయు ఇట్టి అన్యాయమే. ఇతరుల అంతరంగమును చదువబూనువాడు మొదట తన చూపులోని మాలిన్యమును కడుగుకొనవలెను. ఇప్పుడు కిటికీ వంక చూచు బాలుడు కనబడినచో నేను కసరను, దగ్గరకు పోయి, "ఏమి ఆలోచించుచున్నావు నాయనా?" అని అడుగుదును.