మూడో గుర్రం

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు సీట్ బెల్ట్‌ని చివరిదాకా బయటికి లాగి చూడాలని 2021 ఫిబ్రవరిలో నాకు తెలీదు. మామూలుగా బెల్ట్‌ని ఛాతీ మీదుగా ఎంత కావాలో అంతే లాగుతాం. మిగతాది లోపల చుట్ట చుట్టుకుని అలాగే ఉండిపోతుంది. కారు ఎప్పుడైనా నీళ్ళలో మునిగి ఉంటే, పైపైన ఎంత షాంపూ పెట్టి కడిగినా, ఆ లోపలి చుట్టలో బురద నీటి గీత మిగిలి ఉంటుంది. నా కారులో ఉంది. నేను చూసింది ఏడాదిన్నర తర్వాత.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన వాన గుర్తుండే ఉంటుంది. సెల్లార్లలో కార్లు మునిగిపోయాయి, కొన్ని వీధుల్లో కొట్టుకుపోవడం టీవీలో చూశాం. నాలుగు నెలల తర్వాత నేను కారు కోసం వెతుకుతున్నప్పుడు ఆ రెండు సంగతులకీ ముడిపెట్టాలని నాకు తట్టలేదు. 2015 మోడల్ పెట్రోలు హాచ్‌బ్యాక్, 46 వేల రీడింగ్. అలాంటివి 3 లక్షల 80 వేల దాకా పలుకుతుంటే ఈయన 3 లక్షల 30 వేలకే ఇస్తానన్నాడు. నేనూ ఊరికే కొనలేదు. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళి స్టార్ట్ చేయించాను. టైర్ల మీద నాలుగంకెల తయారీ తేదీ చూశాను. ఆయిల్ మూత విప్పి లోపల వేలు పెట్టి చూశాను. ఇన్సూరెన్స్ కాగితం కూడా చూశాను. అందులో నో క్లెయిమ్ బోనస్ అనే చోట సున్నా ఉంది. క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళు గడిస్తే అది 50 శాతానికి చేరుతుంది. పాత బండికి సున్నా ఉందంటే ఈమధ్యే ఏదో క్లెయిమ్ చేసి ఉండొచ్చని అర్థం. చూశాను. అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది, ఆ జవాబుతో నా యాభై వేల లాభం పోతుందేమోనన్న లెక్క లోపల ఎక్కడో నడిచి ఉంటుంది. ఇప్పుడైతే అలా అనుకుంటున్నాను, అప్పుడు మాత్రం మర్చిపోయాననే నన్ను నేను నమ్మించుకున్నాను.

బండి బాగానే నడిచింది. పాత కారుతో రోజూ ఆఫీసుకి వెళ్ళడమంటే ఎవరో రాసి వదిలేసి పోయిన కోడ్‌ని మన చేతికి తీసుకోవడం లాంటిదే. ఎందుకు పనిచేస్తోందో తెలీదు, ఆగితే మాత్రం పరువు మనది. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టాను. పది వేల కిలోమీటర్లకోసారి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు. ముందు బ్రేక్ ప్యాడ్లు ఎప్పుడు మార్చాం, కూలెంట్ ఎప్పుడు పోశాం, బ్యాటరీ ఏ నెలలో వేశాం, అన్నీ రీడింగ్‌తో సహా. మా ఆవిడ ఆ పుస్తకానికి పిల్లాడి టీకాల కార్డు అని పేరు పెట్టింది.

2022 వానాకాలంలో ముందు ఎడమ వైపు అద్దం ఎక్కడం మానేసింది. తర్వాత హారన్ దానంతటదే మోగడం. ఆ తర్వాత మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరకుండా ఉండిపోయింది. తాళం తిప్పగానే ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎవరో బల్బు పీకేసి ఉండొచ్చు. షెడ్డులో మెకానిక్ ముందు సీటు విప్పి పక్కన పెట్టాడు, కార్పెట్ ఎత్తాడు. సీటు పట్టాల బోల్టుల చుట్టూ మెత్తటి ఒండ్రు, పిండిలా. సీటు కింద ఉండే పసుపుపచ్చ కనెక్టర్‌లో రాగి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. "సార్, ఇది నీళ్ళల్ల మునిగిన బండి. అమ్మినాయన చెప్పలేదా?" అన్నాడు. ఆ తర్వాత సీట్ బెల్ట్ చివరిదాకా లాగి గీత చూపించాడు. పిన్నులు శుభ్రం చేసి, స్కానర్‌తో కోడ్ తీసేసి, లైటు ఆర్పాడు. మళ్ళీ వానాకాలానికి రావచ్చన్నాడు. గుద్దుకున్నప్పుడు ఆ బ్యాగ్ తెరుచుకుంటుందా అని అడిగితే, "నేనెట్ల చెప్తా సార్" అన్నాడు. వైరింగ్ మొత్తం మార్చాలంటే బండి ధరలో మూడో వంతు.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. ఆయన కంగారు పడలేదు, బుకాయించలేదు కూడా. "మీరు అడగలేదు కదండీ" అన్నాడు.

ఆ మాటకి వయసు రెండువేల ఏళ్ళు దాటింది. సిసెరో క్రీ.పూ. 44లో ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుకుని ఉద్దేశించి కర్తవ్యాల గురించి ఒక పుస్తకం రాశాడు. దాని మూడో భాగంలో ఒక ధాన్యం వ్యాపారి వస్తాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. ఇతను అలెగ్జాండ్రియా నుంచి ఓడ నిండా ధాన్యంతో వచ్చాడు. వెనక ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని ఇతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలీదు. చెప్పాలా, చెప్పకుండా మంచి ధరకి అమ్ముకోవాలా? ఇద్దరు స్టోయిక్ తాత్వికులు, బాబిలోనియా వాడైన డయోజెనీస్, అతని శిష్యుడు యాంటిపాటర్, దీని మీద చెరో పక్షం పట్టారు. దాచడం వేరు, చెప్పకపోవడం వేరు అంటాడు గురువు. తోటి మనుషుల మేలు చూడాల్సినవాడివి నువ్వెలా దాస్తావంటాడు శిష్యుడు. సిసెరో తీర్పు శిష్యుడి వైపే. నాకు మాత్రం చాలాకాలం గురువు మాటలోనే పస కనిపించింది. ప్రపంచంలో ఉన్న ప్రతి నిజాన్నీ ఎదుటివాడి చేతిలో పెట్టాలంటే ఎవరూ ఏదీ అమ్మలేరు. ఇంటర్వ్యూలో మన పాత ఆఫీసు గొడవలన్నీ చెబుతామా?

మన చట్టం ఇంకా తమాషాగా ఉంటుంది. 1872 నాటి ఒప్పందాల చట్టం 17వ సెక్షన్‌లో మోసమంటే ఏమిటో చెబుతూ కొన్ని ఉదాహరణలిచ్చారు. కారులేని కాలం కాబట్టి అవి గుర్రాలు. మొదటిది: ఎ తన గుర్రాన్ని వేలంలో బికి అమ్ముతాడు, గుర్రానికి జబ్బుందని తెలిసీ ఏమీ అనడు. ఇది మోసం కాదు. రెండోది: బి అతని కూతురు, ఇప్పుడిప్పుడే మేజరైన పిల్ల. ఇక్కడ చెప్పడం ఎ బాధ్యత. మూడోది: నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటానని బి ముందే అంటాడు. ఎ మాట్లాడడు. ఇక్కడ ఆ మౌనం మాటతో సమానం. గుర్రం మూడుసార్లూ ఒకటే. జబ్బూ ఒకటే. మారిందల్లా అవతలివాడు ఎంత నమ్మకం మన మీద పెట్టాడన్నదే. డయోజెనీస్‌కీ యాంటిపాటర్‌కీ మధ్య ఇంత ఇరుకు సందులోంచి దారి తీసిన ఆ చట్టం రాసినవాళ్ళంటే నాకు గౌరవం. నాకు కారు అమ్మినాయన మొదటి గుర్రం అమ్మాడు. కోర్టు సంగతి ఎలా ఉన్నా, ఆ సున్నాని చూసి కూడా నోరు మూసుకున్నవాణ్ణి ఆయన్ని పెద్దగా తిట్టలేకపోయాను.

2023 మార్చిలో నా వంతు వచ్చింది. అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చేశారు, కొంచెం పెద్ద బండి కావాల్సొచ్చింది. బండి చూడ్డానికి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడు వచ్చాడు. అతని తండ్రి సూర్యాపేట నుంచి పొద్దున బస్సెక్కి వచ్చాడు. కుర్రాడు టైర్లు తన్నాడు, ఏసీ పెట్టి చూశాడు. తండ్రి నా నోట్‌బుక్‌ని పేజీ పేజీ తిప్పాడు. అందులో అన్నీ ఉన్నాయి, పసుపు కనెక్టర్ తప్ప. ఆ రోజు ఖర్చుని 'ఎలక్ట్రికల్ పని, 1,800' అని రాసుకున్నాను. ఎందుకలా రాశానో నాకు తెలుసు. పుస్తకం మూసి ఆయన అన్నాడు: "మాకు బండ్ల గురించి తెల్వదు బాబూ. నువ్వు మంచిగ రాసుకున్నవ్. ఏమన్నా ఉంటే నువ్వే చెప్పు, చెప్పకపోతే మంచిగున్నట్టే అనుకుంటం."

అచ్చంగా మూడో గుర్రం. చట్టం చదవని మనిషి నోట, కాస్త చల్లబడ్డ టీ కప్పు చేతిలో పట్టుకుని. నేను "ఇంజన్ చాలా బాగుంటుందంకుల్" అన్నాను. అది నిజం. పది వేలు టోకెన్ ఇచ్చి వెళ్ళారు.

ఆ రాత్రి పదింటికి కుర్రాడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మంచి పని చేస్తున్నానన్న భావనేమీ లేదు. వాళ్ళ నాన్న ఆ ముందు ఎడమ సీట్లోనే కూర్చుంటాడన్న సంగతే బుర్రలో తిరుగుతోంది. అతను మెచ్చుకుంటాడని ఏ మూలో ఆశ పడ్డాను కాబోలు. "టోకెన్ తీసుకున్నాక చెప్తారేంటన్నా? మా నాన్న ఎదురుగా కూర్చుని అడిగిండు కదా" అన్నాడు. డబ్బు వెనక్కి పంపాను. అందిందని కూడా మెసేజ్ పెట్టలేదు.

తర్వాత ఒక కార్ కన్సల్టెన్సీకి తీసుకెళ్ళాను. యజమాని బండి చుట్టూ ఒక్కసారి తిరిగాడు. నేను ఈసారి ముందే మొదలుపెట్టాను: "ఈ బండి 2020లో..." ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. "సార్, అవన్నీ నాకు చెప్పొద్దు." నేను ఆగకుండా చెప్పాను. ఆయన నవ్వి, చెప్పారు కాబట్టి ఇరవై వేలు తగ్గించండి అన్నాడు. 2 లక్షల 60 వేలకి తెగింది. జార్జ్ ఆకెర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం సెకండ్ హ్యాండ్ కార్ల గురించే. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలీదు కాబట్టి కొనేవాడు అన్నిటికీ అనుమానపు ధరే ఇస్తాడు, ఆ ధరకి మంచి బండ్లవాళ్ళు అమ్మడం మానేస్తారు, చివరికి సంతలో చెత్త బండ్లు మిగులుతాయి అన్నది అతని వాదన. మూడు పత్రికలు తిప్పి పంపిన ఆ వ్యాసానికే 2001లో నోబెల్ వచ్చింది. అందులో కొనేవాడు పాపం తెలుసుకోవాలనుకుంటాడు, కుదరదు. తెలుసుకోనంటూ చెయ్యి అడ్డం పెట్టేవాడు అతని లెక్కలోనూ లేడు, సిసెరో కథలోనూ లేడు. ఈయనకి తెలిస్తే ఈయన చెప్పాల్సొస్తుంది, అంతే. ఇన్సూరెన్స్ కాగితంలో సున్నాని చూసి మడిచి ఇచ్చేసిన నాకు ఈయన కొత్తవాడేం కాదు.

"నువ్వు చెప్పింది ఆయనకి. నడిపేది ఆయన కాదు కదా" అంది మా ఆవిడ. తుక్కుకి ఇచ్చేయొచ్చుగా అని కూడా అంది. 2 లక్షల 60 వేల ప్రశ్న అది. నేను జవాబు చెప్పలేదు, ఇవ్వలేదు కూడా. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టాను. నోట్‌బుక్‌లో 'ఎలక్ట్రికల్ పని' అన్నచోట కొట్టేసి ఉన్నదున్నట్టు రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. కాగితాలు ఎంత తేలిగ్గా చెత్తబుట్టలోకి పోతాయో తెలుసు కాబట్టి, బండి ఇచ్చే ముందు రోజు సీటు కింద చెయ్యి పెట్టి, ఆ పసుపు కనెక్టర్ వైరుకి ఒక ట్యాగ్ కట్టాను. 'ఈ బండి 2020 వరదలో మునిగింది. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ చిలుము పట్టింది, శుభ్రం చేశాం, మార్చలేదు. 68,400 కి.మీ.' తెలుగులో ఒక వైపు, హిందీలో రెండో వైపు. ఆఫీసులో కోడ్ మధ్యలో కామెంట్ రాసేవాణ్ణి, ఇంకెలా చెప్పాలో నాకు తెలీలేదు. తడిసినా చెరగకుండా లామినేషన్ చేయించాను. ముప్పై రూపాయలైంది.