ఉమ్మి ఒకరిది, గుట్టు ఇంటిల్లిపాదిది

పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు మన ఇళ్లలో కొన్ని సంగతులు గడప దాటనివ్వరు. కంఠేశ్వర్‌లో అన్న మాట సాయంత్రానికి బోధన్ చేరుతుందని పెద్దల భయం. అదే ఇంటివారు నేడు కొరియర్‌లో వచ్చిన చిన్న గొట్టంలో ఉమ్మి పోసి, ముక్కూ మొహం తెలియని కంపెనీకి పంపుతున్నారంటే ఆశ్చర్యం లేదు. హైదరాబాద్‌లోని మ్యాప్‌మైజీనోమ్ సంస్థ 2013లోనే ‘జీనోమ్‌పత్రి’ పేరుతో ఇలాంటి పరీక్షను తెచ్చింది. (జన్మపత్రిని గుర్తుచేసే పేరు! పరీక్ష చెప్పేది జబ్బు వచ్చే అవకాశాన్ని మాత్రమే, తఖ్దీర్‌ను కాదు.)

వైద్యం కోసం పరీక్ష చేయించుకోవడాన్ని మేము తప్పుపట్టడం లేదు. దగ్గరి బంధువుల్లో పెళ్లి చేసుకునేవారికి తలసేమియా పరీక్ష మేలు చేస్తుంది. మా ప్రశ్న వేరు. ఆ సమాచారం ఎవరి సొత్తు?

సొంత బంగారాన్ని మన ఇష్టం వచ్చినవారికి ఇవ్వవచ్చు. జన్యువులు అలా కాదు. తోబుట్టువుల మధ్య అవి సుమారు సగం కలుస్తాయి. అక్క ఇచ్చిన ఉమ్మిలో చెల్లెలి సంగతి కూడా ఉంటుంది. అక్క సంతకం చేసింది సరే, చెల్లెలిని ఎవరు అడిగారు?

ఇది ఊహ కాదు. అమెరికాలోని ట్వంటీత్రీ అండ్ మీ సంస్థలో 2023లో దొంగలు తెరిచింది సుమారు 14 వేల ఖాతాలే. కానీ బంధువులను వెతికే సదుపాయం వల్ల దాదాపు 69 లక్షల మంది వివరాలు వారి చేతికి చిక్కాయి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారం కూడా అమ్మకపు ఆస్తిలో చేరింది. చివరికి సంస్థ స్థాపకుల్లో ఒకరే నెలకొల్పిన లాభాపేక్షలేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది. మంచి చేతుల్లోనే పడిందనుకున్నా, అమానత్ వేలానికి వచ్చిన మాట నిజమే కదా!

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి కోరుతుంది, చెరిపివేయమని అడిగే హక్కు ఇస్తుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. అయితే సమ్మతి అడిగేది ఉమ్మి ఇచ్చినవారినే. రక్తసంబంధీకుల ఊసు అందులో లేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా ఇతరుల ఇళ్లలో అనుమతి లేకుండా ప్రవేశించడాన్ని వారించింది. ఉమ్మడి ఇంట్లో మన గది మనదే అయినా, అతిథిని పిలిచే ముందు లోపలి స్త్రీలకు కబురు చెబుతాం కదా. ఇదీ అటువంటిదే.

మరి తమ్ముడు వద్దంటే జబ్బుపడిన అక్క పరీక్ష మానుకోవాలా? మానుకోకూడదు. ప్రాణావసరం ముందు. పైగా అపాయం బయటపడితే తమ్ముడికి చెప్పడం ఆమె బాధ్యత. కేవలం కుతూహలంతో పూర్వీకుల ఊరు తెలుసుకోవాలనుకునేవారు మాత్రం ముందు తోబుట్టువులను అడగాలి. నమూనాను ఎప్పుడు నాశనం చేస్తారో, పరిశోధన పేరిట ఎవరికి ఇస్తారో చదివాకే సంతకం చేయాలి.

సంబంధం కోసం వచ్చినవారు రిపోర్టు అడిగితే? పుట్టబోయే బిడ్డలకు సంబంధించినంత మేర వధూవరులు తెలుసుకోవచ్చు. ఆ కాగితం సంబంధాలు కుదిర్చేవారి చేతుల మీదుగా నాలుగిళ్లు తిరగనవసరం లేదు.