శ్రుతిలో మిగిలే తేడా

మా అబ్బాయి కాలేజీకి వెళ్తూ వదిలేసిన ఎలక్ట్రిక్ గిటార్‌ని మొన్న ఆదివారం సాయంత్రం, న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో ముందేసుకుని కూర్చున్నాను. తీగలు ఊరికే మీటితే శ్రుతిలోనే ఉన్నాయి. పై మెట్లకి వెళ్ళేసరికి అపస్వరం.

సరిచేసే పద్ధతి తెలిసిందే. పన్నెండో మెట్టు మీద తీగని తాకీ తాకనట్టు తాకి మీటితే పలికే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే పలికే స్వరమూ ఒకటవ్వాలి. నొక్కిన స్వరం హెచ్చితే బ్రిడ్జి మీది శాడిల్‌ని వెనక్కి జరిపి తీగ పొడవు పెంచాలి, తగ్గితే ముందుకి. మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ చూసుకోవాలి.

ఆరు తీగలూ కుదిరాయి. అయినా తంబురాతో కలిసే అంతర గాంధారం కంటే గిటార్ గాంధారం దాదాపు 14 సెంట్లు హెచ్చే. ఒక మెట్టంటే 100 సెంట్లు. అది నా తప్పు కాదు. ఏ శ్రుతిలోనైనా వాయించుకోవడానికి స్థాయిని 12 సమభాగాలు చేసినందుకు చెల్లించే మూల్యం.

అంటే తేడాలు రెండు రకాలు: స్క్రూడ్రైవర్‌తో పోయేది, దేనితోనూ పోనిది. మొదటిదాన్ని రెండోదాని ఖాతాలో రాసేసుకోవడమే మన బద్ధకం. "ఏం చేస్తామమ్మా, దూరం" అని ఇరవయ్యేళ్ళుగా మా అమ్మతో అంటున్నాను. సముద్రాలు జరపలేను, నిజమే. కాని ఆవిడ మాట సగంలో ఉండగానే ఫోను పెట్టేయడం కూడా దూరం చేసిన పనేనా?

టైము చూశాను. అక్కడ తెల్లవారి ఆరయింది. అమ్మ లేచే ఉంటుంది.