ఏ గోలి పడుతుంది?

ఈ ఏడాది మార్చిలో, ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో పసుపు ఉడకబెడుతున్న రోజుల్లో, మా పక్కింటి అమ్మాయి రెండు మందుల డబ్బాలు కొంగుచాటున పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇరవై మూడేళ్ళది. ఏడాది పాప ఉంది, ఇంకా పాలు తాగుతోంది. భర్త దుబాయి నుంచి రెండు నెలల సెలవు మీద రాబోతున్నాడు. ఒక డబ్బా ఆశా కార్యకర్త ఇచ్చింది. ఇంకొకటి మందుల దుకాణంలో కొన్నది. రెండూ నా ముందు పెట్టి, "మేడమ్, గీ రెండిట్ల నాకు ఏ గోలి పడ్తది?" అని అడిగింది.

నేను వెంటనే మాట్లాడలేకపోయాను. 2008లో ఇదే గదిలో, ఇదే ప్రశ్న వాళ్ళమ్మ అడిగింది. అప్పుడు ఈ పిల్ల ఒకటో తరగతి. ఆ రోజు నేను తడుముకోకుండా చెప్పిన జవాబు తప్పు. అది ఎలాంటి తప్పో ఇన్నేళ్ళుగా నాలో నేనే తేల్చుకోలేకపోయాను.

ముందు నా సంగతి చెప్పాలి. 1994లో, మా బాబు పుట్టిన ఏడాదికి, నేనూ ఈ మాత్రలు వాడాను. కాలేజీ రోజుల నుంచీ నాకు ఒక రకం తలనొప్పి ఉండేది. నొప్పి మొదలయ్యే ముందు కళ్ళ ముందు రంపపు పళ్ళలాంటి వెలుగులు కదిలేవి. మాత్రలు రాసిచ్చిన డాక్టరు తలనొప్పి గురించి అడగలేదు. అది చెప్పవలసిన విషయమని నాకు తెలియదు. మూడో నెలలో ఒక సాయంత్రం జవాబు పత్రాలు దిద్దుతుంటే పేజీలో సగం అక్షరాలు మాయమయ్యాయి. అలాంటి తలనొప్పి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వేసుకుంటే మెదడులో రక్తనాళం మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుందని, వెంటనే మానేయమని ఇంకో డాక్టరు చెప్పాక తెలిసింది. మానేశాను. కోపం మాత్రం మిగిలింది.

ఆ కోపానికి దొరికిన భాష స్త్రీల ఉద్యమానిది. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' మా అలమరలో ఉండేది. మన ఒంటి గురించి మనమే తెలుసుకోవాలని, డాక్టర్ని ప్రశ్నించవచ్చని నేర్పిన పుస్తకం. 1985లో హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ విషయంలో జరిగింది కూడా మాలో చాలామందికి తెలుసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన పేద స్త్రీలకు అది ఇంకా పరీక్షల్లో ఉన్న మందు అన్న సంగతి సరిగా చెప్పకుండానే వాళ్ళని చేర్చుకోబోయారు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు దాన్ని నిలదీశారు. 1986లో సహేలీ లాంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నా తలనొప్పి, పటాన్‌చెరు కలిసి నా మనసులో ఒకే వాక్యం అయ్యాయి: ఈ మందులన్నీ ఆడవాళ్ళ మీద ప్రయోగాలు.

2008లో పక్కింటామె వచ్చినప్పుడు ఆ వాక్యమే నా నోటి చివర ఉంది. ఆమె బీడీలు చుట్టేది. చాట ఒళ్ళో పెట్టుకుని, రోజుకు వెయ్యి పూర్తయితేనే లేచేది. ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి అత్తగారు ఆపరేషన్ మాట ఎత్తనివ్వదు. ఆమెకేమో మూడో కాన్పు వద్దు. గల్ఫ్ నుంచి భర్త వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. బియ్యం డబ్బాలో దాచుకుని, ఎవరి అనుమతీ లేకుండా వాడుకోగలిగింది ఆ గోలీలొక్కటే. నేను ఇవేవీ అడగలేదు. "వద్దు, అవి మంచివి కావు. ఆయన్ని నిరోధ్ వాడమను" అన్నాను. ఆమె నవ్వింది. "రెండేండ్లకొక్కసారి వచ్చే మనిషికి గట్ల చెప్పొస్తదా మేడమ్?" అంది.

ఆయన తిరిగి వెళ్ళిన నెలకి ఆమె ఒక్కతే బస్సెక్కి పట్నం పోయి గర్భం తీయించుకుని వచ్చింది. పది రోజులు రక్తం పోతూనే బీడీలు చుట్టింది. ఈ సంగతి నాకు ఇంకొకరి ద్వారా తెలిసింది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు.

నేను ఆమె మంచికోరే చెప్పాను. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు నింపుకునే వ్యవస్థ కూడా ఆడవాళ్ళ మంచికోసమే అంటుంది. వాళ్ళు ఆమెను అడగకుండా ఔనంటారు, నేను ఆమెను అడగకుండా కాదన్నాను. ఈ రెంటికీ తేడా ఎంత? చాలాకాలం నేను ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. పటాన్‌చెరును మళ్ళీ గుర్తు చేసుకున్నప్పుడు ఒకటి అర్థమైంది. అక్కడి పోరాటం అడిగింది ముఖ్యంగా ఇదీ: ఈ మందు ఏమిటో, ఒంట్లో ఏం చేస్తుందో చెప్పండి, విన్న తర్వాత నిర్ణయం ఆమెది. నేను ఆ పోరాటం నుంచి అనుమానాన్ని తెచ్చుకుని, పద్ధతిని అక్కడే వదిలేసి వచ్చాను.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 1960లో అక్కడ మొదటి మాత్రకు అనుమతి వచ్చింది. అప్పటి హార్మోన్ల మోతాదు ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 1969లో బార్బరా సీమన్ ఆ మాత్రల ప్రమాదాల మీద పుస్తకం రాసింది. 1970లో సెనేట్ విచారణ జరిగితే, సాక్షుల్లో మాత్ర వాడిన ఆడవాళ్ళని ఎందుకు పిలవలేదని యువతులు సభలోనే లేచి అడిగారు. ఆ గొడవ తర్వాతే మాత్రల డబ్బాలో ప్రమాదాలు తెలిపే కాగితం తప్పనిసరి అయింది. మా పక్కింటి అమ్మాయి తెచ్చిన దుకాణం డబ్బాలోనూ ఆ కాగితం ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో.

"పడటం" అనే మాట గురించి ఆలోచించండి. మందు పడిందంటే ఒంటికి సరిపోయిందని. కానీ ఆడవాళ్ళ జీవితంలో మాట పడటం, బాధ పడటం, పడి ఉండటం కూడా ఉన్నాయి. వాంతులొచ్చినా, తల తిరిగినా "కొన్నాళ్ళు పడితే అదే సర్దుకుంటుంది" అని చెప్పినప్పుడు ఈ రెండర్థాలూ కలిసిపోతాయి. మొదటి రెండు మూడు నెలల్లో కొన్ని ఇబ్బందులు నిజంగానే తగ్గిపోతాయి. కానీ ఏది సర్దుకునేదో, ఏది ప్రమాద సూచనో ఆమెకు ముందే తెలియాలి. మార్కెట్‌యార్డులో పసుపు కొనేవాడు కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే ధర చెప్పడు. ఆడదాని ఒంట్లోకి ఏళ్ళ తరబడి వెళ్ళే మందు విషయంలో అంతపాటి విచారణైనా ఉండొద్దా?

ఈసారి నేను జవాబు చెప్పలేదు. అడిగాను. కళ్ళ ముందు వెలుగులు కనబడి తలనొప్పి వస్తుందా? కాళ్ళలో రక్తం గడ్డకట్టిందని ఎవరైనా చెప్పారా? కామెర్లు, రొమ్ములో గడ్డలు ఉన్నాయా? ఫిట్స్‌కి గాని టీబీకి గాని మందులు వాడుతున్నావా? టీబీకిచ్చే రిఫాంపిసిన్ ఈ మాత్రల శక్తిని తగ్గిస్తుంది. బీడీ తాగుతావా అని అడిగితే పకపకా నవ్వింది. "చుడ్త గాని తాగ మేడమ్." బీపీ ఉందా అన్నప్పుడు నవ్వు ఆగింది. కాన్పు ముందు ఉండెనట.

ఇద్దరం దవాఖానకు వెళ్ళాం. వారం తేడాతో రెండుసార్లు చూశారు. రెండుసార్లూ 140, 90 మీదే ఉంది. ఆశా ఇచ్చింది మాలా-ఎన్. అందులో 21 హార్మోన్ మాత్రలు, 7 ఇనుము మాత్రలు ఉంటాయి. రెండు హార్మోన్లలో ఒకటి ఈస్ట్రోజెన్. ఆ బీపీకి అది తగదని, దుకాణంలో కొన్నది ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్నది కాబట్టి అది వాడవచ్చని, పాలిచ్చేవాళ్ళకీ ఇబ్బంది లేదని డాక్టరమ్మ చెప్పింది. రోజూ అదే వేళకి, మధ్యలో విరామం లేకుండా వేసుకోవాలి. నెలసరి తప్పవచ్చు, మధ్యమధ్య మరకలు కనిపించవచ్చు అని కూడా చెప్పింది. రోజూ వద్దనుకుంటే, లక్నో పరిశోధన కేంద్రంలో కనిపెట్టిన, హార్మోన్ లేని ఛాయా ఉంది. మొదటి 3 నెలలు వారానికి 2, తర్వాత వారానికి 1.

బయటికి వచ్చాక అమ్మాయి అడిగిన ప్రశ్నలు ఏ కాగితంలోనూ లేవు. మరకలు కనిపిస్తే అత్త దేవుని అర్రలోకి రానియ్యదు కదా? వైద్యం చిన్న ఇబ్బంది అనేది ఆ ఇంట్లో చిన్నది కాదు. ఆయన పోయినంక గోలీలు ఎవరి కంటైనా పడితే ఏమనుకుంటారు? మొగుడు ఊళ్ళో లేనప్పుడు మాత్ర వేసుకునే ఆడది ఎవరికి జవాబు చెప్పాలో మనందరికీ తెలుసు. చివరికి, "ఆయన పోయినంక నేను ఆపేయొచ్చునా?" అంది. ఆపవచ్చు అన్నాను.

నా సందేహం ఆ మాట దగ్గర కొంత తీరింది. మాత్ర గొప్పదని నేను అనను. రోజువారీ వాడకంలో మరపులతో కలిపి ఏడాదికి నూటికి 7 నుంచి 9 మందికి గర్భం వస్తుంది. భారమంతా ఆమె మీదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్ళైన స్త్రీలలో తామే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు నూటికి 37.9, భర్త ఆపరేషన్ మీద ఆధారపడ్డవాళ్ళు 0.3. మాత్రలు 5.1. మన తెలంగాణలో సగానికి పైగా ఆపరేషనే. ఆపరేషన్ ఒకసారి అడుగుతుంది. అదీ చాలాసార్లు ఇంట్లోవాళ్ళని అడుగుతుంది. మాత్ర రోజూ ఆమెనే అడుగుతుంది. వద్దనుకుంటే రేపు పొద్దున ఎవరి సాయం లేకుండా మానేయగల హక్కు అందులో ఉంది. ఎంపిక అంటే ఒకసారి ఔననడం మాత్రమే అయితే, మనం దాన్ని చాలా చిన్నది చేసుకున్నట్టే.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ కొత్త పసుపు పొట్లం తెచ్చి ఇచ్చింది. 2008 నాటి మాట ఎత్తి, తప్పు నాదే అన్నాను. "ఇడవండి మేడమ్. అప్పుడు మీకు గింత ఎరుక లేకుండె" అంది.

ఎరుకే. పుస్తకం అలమరలోనే ఉంది. ఆమెను అడగాలని మాత్రం నాకు తోచలేదు.