ఇంటి ప్లానులో మనిషి స్థానం

స్వంత ఇంటిని గురించి కలలు కనటం అభ్యుదయవాదికి తగునా అన్న ప్రశ్న మన మధ్య అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా రెండు సులువైన జవాబులు కూడా వస్తాయి. స్వంత ఇల్లనేది మధ్యతరగతి భ్రమ అనీ, దాన్ని వదులుకోలేనివాడు ఉద్యమానికి పనికిరాడనీ కొందరంటారు. ఎవరి ఇల్లు వారి సొంత విషయమనీ, సిద్ధాంతాన్ని వీధిగుమ్మం బయటే ఉంచాలనీ మరికొందరంటారు. మొదటి జవాబు చెప్పేవారు సాధారణంగా తండ్రులు కట్టిన ఇళ్ళలో ఉంటున్నవారు, లేదా ఇంకా సంసారం మొదలుపెట్టని విద్యార్థులు. రెండో జవాబు చెప్పేవారు ఆ సరికే ప్లాను పాసు చేయించుకుంటున్నవారు. రెండూ ప్రశ్నను తప్పించుకునే జవాబులేనని నా ఉద్దేశం.

మొదటి జవాబుకు ఏంగెల్సును సాక్ష్యం పిలవటం పరిపాటి. ఆయన 1872లో లైప్‌జిగ్ నుంచి వెలువడే కార్మిక పత్రికలో గృహసమస్యను గురించి వ్యాసాలు రాశాడు. ప్రతి కార్మికుణ్ణీ ఇంటి యజమానిని చేస్తే సమస్య తీరిపోతుందన్న ప్రూధాన్ అనుయాయుల వాదాన్ని అందులో ఖండించాడు. స్వంత ఇల్లు కార్మికుణ్ణి ఒకచోటికి కట్టిపడేస్తుందనీ, అద్దె మిగిలిన మేరకు యజమాని కూలి తగ్గిస్తాడనీ, కొరతను పుట్టించే వ్యవస్థను అలాగే ఉంచి ఇళ్ళు పంచినంత మాత్రాన కొరత పోదనీ ఆయన వాదన. ఆయన తప్పు పట్టింది చికిత్సనే గాని రోగి బాధను కాదు. మనిషికి గాలీ వెలుతురూ ఉన్న నాలుగు గోడలు కావాలనుకోవటాన్ని ఆయన భ్రమ అనలేదు. పెద్ద నగరాల్లో ఆ సరికే ఉన్న ఇళ్ళను సక్రమంగా వాడుకుంటే తక్షణపు ఇబ్బంది తీరుతుందని కూడా ఆయనే రాశాడు. అంచేత ఇల్లు ఎవరి పేరున ఉన్నదో అడిగి ఊరుకుంటే సగం ప్రశ్నే అడిగినట్టు. ఆ ఇల్లు దేనికి వాడబడుతున్నదన్నది మిగతా సగం.

ఈ సంగతి ఆలోచించటానికి విద్యానగర్ మంచి చోటు. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. 1939లో పూర్తయిన అక్కడి ఆర్ట్స్ కాలేజీ భవనానికి బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన చేశాడు. నిజాం ఏలుబడిలో, రైతులు కట్టిన శిస్తుతో లేచిన కట్టడమే అది. అయినా ఈనాడు దాని మెట్ల మీద కూర్చునే విద్యార్థిని ఎవరూ అద్దె అడగరు. హాస్టలు గదిలో నాలుగేళ్ళుండి చదువుకున్నవాడు ఆ గది తనదేననుకుంటాడు, కాని దాన్ని అమ్ముకోవాలన్న ఊహ అతనికి రాదు. మనలో చాలామంది ఆలోచించటం నేర్చుకున్నది ఇలా ఎవరి స్వంతమూ కాని గదుల్లోనే. ఆవరణ దాటి విద్యానగర్, అడిక్‌మెట్, నల్లకుంట సందుల్లోకి వస్తే లెక్క మారిపోతుంది. అక్కడ ప్రతి గజానికీ ధర ఉంది, ప్రతి అంతస్తులోనూ పోర్షన్లు ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. పాత ఒంటి అంతస్తు ఇళ్ళు ఒక్కొక్కటే బిల్డర్ల చేతికి పోయి అపార్టుమెంట్లవుతున్నాయి. ఒకే నేల ఒకరికి ఆశ్రయం, మరొకరికి ఆదాయం.

నాకు తెలిసిన ఉపాధ్యాయ దంపతులు, ఇద్దరూ విద్యార్థి ఉద్యమంలో పెరిగినవాళ్ళు, రెండువందల గజాల స్థలంలో కట్టదలచిన ఇంటి ప్లాను నాకు చూపించారు. వంటిల్లు ఆగ్నేయంలో ఉంది, పెద్ద పడకగది నైరుతిలో ఉంది, ఈశాన్యాన దేవుడి గది కూడా ఉంది. మీకు వాస్తు మీద నమ్మకం ఎప్పటినుంచి అని అడిగాను. తమకేమీ నమ్మకం లేదనీ, రేపు అమ్ముకోవలసివస్తే కొనేవాడికి ఉంటుంది గదా అనీ వాళ్ళు చెప్పారు.

ఈ జవాబు చాలా విలువైనది. మూఢనమ్మకాల మీద మనం చేసే ఉపన్యాసాలన్నీ నమ్మేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని చేసేవి. ఇక్కడ నమ్మేవాడే లేడు. ఎక్కడో ఉన్న, ఇంకా ముఖం చూడని కొనుగోలుదారు నమ్ముతాడన్న అంచనాతో నాస్తికుడు దేవుడి గది కడుతున్నాడు. ఆ కొనుగోలుదారు మాత్రం నమ్ముతాడని ఏమిటి? అతను కూడా తన తరవాత కొనేవాణ్ణి చూసే భయపడుతూ ఉండవచ్చు. మార్క్సు ఉపయోగపు విలువ, మారకపు విలువ అని రెంటిని విడదీసి చెప్పాడు. పునాది తవ్వకముందే, మనం కాపురముండబోయే ఇంటిలో మొదటిదాన్ని రెండోది ఏ విధంగా మింగేస్తుందో ఈ ప్లాను చూపుతున్నది. హైదరాబాదులో సాయంత్రపు ఎండ పడమటి గోడను కాలుస్తుంది గనక అటు కిటికీలు తగ్గించుకోవటం వివేకం. అది ఇంట్లో ఉండేవాడి సుఖం కోసం. మిగిలిన దిక్కుల బాధంతా ఇంట్లో ఉండనివాడి కోసం.

ఈ ఇళ్ళకన్న పాత ఇళ్ళే నయమని నిట్టూర్చేవారున్నారు. మండువా లోగిళ్ళు చల్లగా ఉండేవన్నది నిజమే. కాని ఆ ప్లానును కూడా చదవాలి. వీధి అరుగు మీద కూర్చునే హక్కు ఎవరిది, దాని ముందు చెప్పులు విడిచి నిలబడవలసినవారెవరు? ముట్టయిన ఆడది ఏ మూల కూర్చునేది? విధవ ఎక్కడ పడుకునేది? దొడ్డిగుమ్మం ఏ కులాలవారి కోసం? మరుగుదొడ్డి వెనక సన్నని సందు ఒకటుండేది. అది పాకీ పనిచేసే మనిషి ఇంట్లోవాళ్ళ కంటపడకుండా వచ్చిపోవటానికి. ఆ పనిని మనిషి చేత చేయించటం నేరమని చట్టం చెప్పేసరికి 1993 వచ్చింది. తెలంగాణ గడీల సంగతి మరీ స్పష్టం. వెట్టిమనిషి ఎంతవరకు రావచ్చునో గడీ వాకిలే చెప్పేది. 1946–51 మధ్య పల్లెజనం గడీల మీదికి నడిచినప్పుడు, ఎవరెక్కడ నిలబడాలో శాసించే ఆ ప్లాను మీదికే నడిచారు.

అంటే ఇంటి ప్లాను ఏనాడూ గోడల పటం మాత్రమే కాదు. ఎవరు ఎవరికి పనిచేస్తారు, ఎవరు ఎవరికి కనిపించకూడదు అన్న ఒప్పందం అందులో రాసి ఉంటుంది. ఈనాటి ప్లానులో ఆ ఒప్పందం ఏమిటో రెండుచోట్ల చూద్దాం.

మొదటిది వంటిల్లు. ఇల్లు, ఇల్లాలు అన్నవి ఒక్క మూలంలోంచి పుట్టిన మాటలు. అయినా ప్లానులో ఆమెకంటూ గది ఉండదు. వంటిల్లు ఆమెదే గదా అనేవారికి ఒక లెక్క చెప్పాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చుపెడుతున్నారు. ఆ పని చేసే పురుషులు పెట్టేది 97 నిమిషాలు. అటువంటి పురుషులే తక్కువమంది అన్నది వేరే సంగతి. రోజుకు ఐదుగంటల పని జరిగే చోటుకు మన భవన నిర్మాణ నియమావళి ఐదు చదరపు మీటర్లు చాలునంటుంది.

వంటపనిని శాస్త్రీయంగా పరిశీలించినవారు లేకపోలేదు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని కొత్త గృహాలకు మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ ఒక వంటిల్లు రూపొందించింది. తరవాతి కాలంలో నాజీలను ఎదిరించి 1941 నుంచి 1945 దాకా జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఆమె. వంట చేసే మనిషి వేసే ప్రతి అడుగునూ లెక్కగట్టి, 1.9 మీటర్ల వెడల్పూ 3.4 మీటర్ల పొడవూ గల గదిలో అన్నీ చేతికందేట్టు అమర్చింది. శ్రమ తగ్గిన మాట నిజం. కాని ఆ గదిలో ఒక్క మనిషికే చోటుంది. ఆ ఒక్క మనిషి ఎవరన్నది గది అడగలేదు, సమాజం ముందే నిర్ణయించి పెట్టింది. 1928–30 మధ్య మాస్కోలో కట్టిన నార్కోంఫిన్ భవనం ఇంకో దారి పట్టి, ఇంటింటి వంటకు బదులు ఉమ్మడి భోజనశాల పెట్టింది. ఆ ప్రయోగం ఎక్కువకాలం సాగలేదు. అయినా సరైన ప్రశ్నను అడిగింది: వంట ఇంట్లో ఒకరి విధిగా ఎందుకుండాలి? మన పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటిని తీర్చిదిద్దుకుంటూ పోయి చివరకు తన పేరే మరిచిపోతుంది. కలల ఇంటికి బొమ్మలు గీసుకునే ప్రతి దంపతులూ ఆ కథ చదవాలి. ఇద్దరు నిలబడి పనిచెయ్యగల వంటిల్లు కట్టినంత మాత్రాన మగవాడు కూర తరగడన్న మాట నిజమే. కాని ఒక్కరే పట్టే వంటిల్లు అతనికి శాశ్వతమైన సాకు ఇస్తుంది.

రెండోది మెట్ల కింది గది. తార్నాక అపార్టుమెంట్లలో కార్ల మధ్య, మీటర్ల పెట్టెల పక్కన వాచ్‌మన్ కుటుంబం ఉండే గది అది. 2005 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒకే గది ఉన్న నివాసానికి కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలన్నది. ఒక కారు నిలపటానికి 13.75 చదరపు మీటర్లన్నది. ఇది ఇంజనీర్ల దుర్మార్గమని నేననను. కారు తలుపులు తెరుచుకోవాలి గదా. కాని కారుకు కావలసిన చోటును ఎవరూ బేరమాడరు. మనిషి చోటే బేరానికి వస్తుంది, కుంచించుకుపోయి మెట్ల కిందికి చేరుతుంది. ఆ గదిలో ఉండే మనిషి చాలాసార్లు పాలమూరు నుంచో మరో కరువు జిల్లా నుంచో వచ్చినవాడు. భవనం కట్టిన కూలీలు కూడా అటువంటివారే. కట్టుబడి కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కట్టాలని 1996లో చట్టం వచ్చింది. స్వంత నివాసమైనా పది లక్షలు దాటితే ఆ చట్టం వర్తించేది. పాలరాయికి ఎంతైనా పెట్టేవారు ఈ ఒక్క శాతం దగ్గర అంచనా తగ్గించి రాయించటం వింత కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇంటి ప్లాను మార్చి సమాజాన్ని మార్చగలమా, ఇది ఊహాస్వర్గ సోషలిజం కాదా అని. ప్లాను మార్చి సమాజాన్ని మార్చలేం. ఇళ్ళ సమస్య తీరాలంటే నేల మీది వ్యాపారాన్ని అదుపు చెయ్యాలి, ప్రజల డబ్బుతో ప్రజల ఇళ్ళు కట్టాలి. వియన్నా నగరాన్ని సోషలిస్టులు పాలించిన 1919–34 కాలంలో అరవైవేలకు పైగా ఇళ్ళు అలా కట్టారు. పెద్ద భవనాల మీద ఎక్కువగా, చిన్న ఇళ్ళ మీద తక్కువగా పడేట్టు 1923లో గృహపన్ను వేసి ఆ డబ్బు తెచ్చారు. కార్ల్ మార్క్స్ హోఫ్ అన్న ఒక్క సముదాయంలోనే 1,382 ఇళ్ళు, వాటికి ఉమ్మడి చాకిరేవులు, శిశు విద్యాలయాలు, గ్రంథాలయం ఉన్నాయి. 1934లో ఆనాటి ప్రభుత్వం దాని మీద ఫిరంగులు పేల్చింది. ఇళ్ళ ప్లాను రాజకీయం కాదనుకునేవారికి ఇంతకన్న జవాబు అక్కర్లేదు. మన దగ్గర 2015లో తెలంగాణ ప్రభుత్వం పేదల కోసం 560 చదరపు అడుగుల్లో రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, రెండు మరుగుదొడ్లతో ఇంటి నమూనా ప్రకటించింది. ఎన్ని కట్టారు, ఎవరికిచ్చారు అన్నది వేరే పోరాటం. పేదవాడికి ఒక్క గది చాలునన్న పాత నీతిని ఆ నమూనా చెరిపేసింది. ఇక దాన్నుంచి వెనక్కి పోనివ్వకుండా చూడటం మన పని.

కాని సామూహిక పోరాటం వేరు, సొంత ఇల్లు వేరు అనటానికి వీల్లేదు. జీతం ఎంతో మనం నిర్ణయించలేం, గజం ధర మనం నిర్ణయించలేం. ప్లాను గీసేటప్పుడు మాత్రం పెన్సిలు కొంతసేపు మన చేతిలోనే ఉంటుంది. ఆ కొద్దిసేపు కూడా మార్కెట్టు చెప్పినట్టే గీస్తే, దాన్ని ఎదిరిస్తామని బయట చెప్పే మాటకు బలమేమిటి?

ఈ పత్రిక చదివేవారిలో విద్యానగర్‌లో గదులు వెతుక్కునే విద్యార్థులున్నారు, అక్కడే పై అంతస్తు వేసి పోర్షన్లు అద్దెకిచ్చే అధ్యాపకులూ ఉన్నారు. కొన్ని గేట్లకు వేలాడే టులెట్ బోర్డుల మీద 'శాకాహారులకు మాత్రమే' అని ఉంటుంది. అది తిండిని గురించిన షరతు కాదని చదివేవాడికీ తెలుసు, రాసినవాడికీ తెలుసు. ఆ మాట రాయనిచోట, ఇల్లు అడగవచ్చినవాడి ఇంటిపేరు అడుగుతారు. అది దళితుడిదో ముస్లిముదో అయితే గది ఆ నిమిషంలోనే ఇంకెవరికో ఇచ్చేసి ఉంటుంది. పాత లోగిలి దొడ్డిగుమ్మం చేసిన పనిని ఈ ప్రశ్న చేస్తున్నది. దేవుడి గది తీసెయ్యటానికి మార్కెట్టు అడ్డమొచ్చిందనవచ్చు. వాచ్‌మన్ గది పెంచటానికి బిల్డరు అడ్డమొచ్చాడనవచ్చు. స్వంత పోర్షనుకు వేలాడదీసే బోర్డుకు మాత్రం ఎవరూ అడ్డం రారు. అక్కడ రాసేది పూర్తిగా మన చేతిరాతే.