అక్క కొట్టేసిన ఉపన్యాసం

మే 12న నర్సుల దినోత్సవ సభలో మాట్లాడమని ఒక ఆసుపత్రివాళ్ళు నన్ను పిలిచారు. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇలాంటి సభలకు నాలాంటివాళ్ళనే పిలుస్తారు. ఎవరికీ తగలకుండా అరగంట మాట్లాడి దిగిపోతామని వాళ్ళ ధీమా. నాలుగు పేజీలు రాసుకుని, వినిపిద్దామని తెనాలిలో మా అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క ముప్ఫైమూడేళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో చేసి హెడ్‌నర్సుగా రిటైరైంది.

వెళ్ళేసరికి ఆవకాయ పనిలో ఉంది. కొట్టించి తెచ్చిన ముక్కలు ముందేసుకుని జీడి తీస్తోంది, టెంక మీది పొర గీకుతోంది, పొడిగుడ్డతో తుడిచి బేసిన్‌లో వేస్తోంది. తడి ఉంటే బూజు పడుతుందని ఒక్కో ముక్కా రెండుసార్లు తిప్పి చూస్తోంది.

"చదువు, వింటున్నా" అంది.

"నర్సు త్యాగమూర్తి. తెల్లని దుస్తుల్లో నడిచే దేవత..."

"ఆగరా. త్యాగమూర్తి కొట్టెయ్."

"అప్పుడేనా?"

"ఇంకా ఎన్నిచోట్ల రాశావో చూసి అన్నీ కొట్టెయ్. త్యాగమంటే ఏంటి? నాది నేను ఇవ్వడం. నా నిద్ర నేనిచ్చానా? తీసుకున్నారు. తీసుకున్నదానికి త్యాగమని పేరుపెట్టి శాలువా కప్పేస్తే, ఎవరు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అని అడిగే పని తప్పిపోతుంది. ఆ దేవత కూడా తీసెయ్. దేవతకి ఆకలెయ్యదు, నడుం నొప్పుండదు, బాత్రూం అక్కర్లేదు."

కొట్టేశాను. రెండో పేజీలో ఆశా కార్యకర్తలున్నారు. 2005లో ఆ పథకం మొదలైన సంగతి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకు అంతర్జాతీయ అవార్డు ఇచ్చిన సంగతి గొప్పగా రాసుకున్నాను.

"అవార్డు బాగానే ఉంది. నెలనెలా వాళ్ళకిచ్చేదాన్ని ఏమంటారు?"

"గౌరవవేతనం."

"కలెక్టరుగారు తీసుకునేది గౌరవవేతనమా?"

"జీతం."

"జీతం సరిపడా ఇచ్చేచోట దానికి గౌరవాన్ని జోడించే అవసరం రాలేదు, చూశావా?"

ఇన్నేళ్ళు నీతిశాస్త్రం చెప్పిన నాకు ఆ సమాసాన్ని విడదీసి చూడాలని ఎప్పుడూ తోచలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశాలకు గ్రాట్యుటీ, 180 రోజుల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు ప్రకటించిందని గుర్తుచేశాను. "అవార్డు కింద రాయి. కాదు, పైన రాయి" అంది.

తర్వాత ఫ్లోరెన్స్ నైటింగేల్. దీపం పట్టుకుని రాత్రిళ్ళు వార్డులో తిరగడం ఒక పేరా నిండా వర్ణించాను.

"ప్రతి ఏడూ ఆ దీపమే. ఆవిడ లెక్కల మనిషిరా. క్రిమియా యుద్ధంలో గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది సైనికులు పోయారని 1858లో బొమ్మలు గీసి మరీ చూపించింది. గాలి, నీళ్ళు, మురుగుకాలవ, వీటి గురించి సర్కారుతో పోట్లాడింది. దీపం పట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. లెక్కలడిగితేనే ఇబ్బంది. అందుకే మనకి దీపం మిగిలింది."

ఇక నా పాండిత్యమంతా పెట్టిన పేజీకి వచ్చాను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను నిర్వచించింది. అది జబ్బు కాదు, పనిచోట ఎడతెగని ఒత్తిడిని పట్టించుకోకుండా వదిలేస్తే పుట్టే స్థితి అంది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని పట్ల మనసు దూరమవడం, చేసేదానికి ఫలితం లేదనిపించడం అని మూడు లక్షణాలు చెప్పింది.

"మాకు ఆ ఇంగ్లీషు మాట తెలీదు. ఒళ్ళు పులిసిపోయిందనేవాళ్ళం. రెండోదాన్ని మొద్దుబారడం అనేవాళ్ళం. మూడోది, ‘ఏం చేసినా ఇంతేలే’." కాసేపు ముక్కలు తుడిచింది. "ఒకరోజు డ్యూటీ దిగుతూ, పన్నెండో బెడ్డు పోయిందని చెప్పి టీ తాగాను. సగం తాగాక తట్టింది. బెడ్డు అక్కడే ఉంది. పోయింది మనిషి. ఆయన పేరు గుర్తుచేసుకుందామంటే రాలేదు."

నేను మాట మార్చడానికి జెనీవా ప్రతిజ్ఞ ఎత్తాను. 1948 నాటి ఆ వైద్యుల ప్రతిజ్ఞను 2017లో సవరించి, మంచి వైద్యం అందించడం కోసం తన ఆరోగ్యాన్నీ చూసుకుంటానని వైద్యుడు మాటివ్వాలని చేర్చారు.

"మంచిదే. మరి డ్యూటీ చార్టు వేసేది ఆ డాక్టరేనా?"

"కాదనుకో."

"నిద్రపోతానని ఒకరిచేత ప్రమాణం చేయించి, నిద్ర లేకుండా ఇంకొకరు చార్టు వేస్తే ఎవరు మాట తప్పినట్టు? ఆ ప్రమాణమేదో చార్టు వేసేవాళ్ళచేత చేయించాలి. ఒకసారి మాకూ ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని క్లాసు పెట్టారు. ఎప్పుడనుకున్నావ్? నా డే ఆఫ్ రోజు."

ఇద్దరం నవ్వాం. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. 2024 ఆగస్టు 9 కోల్‌కతా గుర్తొచ్చింది ఇద్దరికీ. 36 గంటల డ్యూటీలో ఉన్న ఒక జూనియర్ డాక్టరమ్మాయి ఆసుపత్రి సెమినార్ హాల్లో నడుం వాల్చింది. అక్కడే ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి జాతీయ టాస్క్‌ఫోర్సు వేసింది. "పడుకోవడానికో గది, ఆ గదికో గడియ. ఇది చెప్పడానికి అంత పెద్ద కోర్టు కావాల్సొచ్చింది" అని ఊరుకుంది అక్క.

అప్పుడు వాదానికి దిగాను. "నువ్వన్నట్టే అన్నీ కొట్టేస్తే చివరికేం మిగుల్తుందక్కా? ఎనిమిదింటికి ఎక్కి రెండింటికి దిగే ఉద్యోగం. రోగి నుదుటి మీద చెయ్యి వేయమని ఏ చార్టులోనైనా రాస్తారా?"

"రాయరు. రాయలేరు కూడా. నీకొక సంగతి చెప్తా, ఉపన్యాసంలో పెట్టకు." (వ్యాసంలో రాయనా అని తర్వాత అడిగితే, ఆసుపత్రి పేరు లేకుండా రాసుకోమంది.)

అక్క స్టాఫ్‌నర్సుగా చేరిన కొత్తలో, మెడికల్ వార్డులో వరసగా నాలుగో రాత్రి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ రాత్రి మంచాల మీద నలభైమంది, కింద చాపల మీద పదకొండుమంది. వాళ్ళందరికీ అక్కా, ఒక స్టూడెంటు. వార్డులో వెంకటేశ్వర్లు ఇద్దరున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి, షుగరున్న వెంకటేశ్వర్లుకి రెండో ఆయన గ్లూకోజు బాటిల్ పెట్టేసింది. కాసేపటికి ఆయన భార్య మెల్లిగా వచ్చి, "అమ్మా, ఈయనకి షుగరు కదా, ఇది ఎక్కించొచ్చా?" అని అడిగింది.

"కాళ్ళు చల్లబడిపోయాయిరా. పరిగెత్తి తీసేశాను, డ్యూటీ డాక్టర్ని లేపాను, షుగరు చూశాం. ఆయనకేం కాలేదు. జరిగింది జరిగినట్టు రిపోర్టు బుక్కులో నేనే రాశాను. పదింటికి మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకోమని. ఎన్నో రాత్రో అందులో లేదు, ఎంతమంది రోగులో లేదు. ఇద్దరి పేర్లూ ఒకటేనని లేదు. నా పేరొక్కటే ఉంది. దాంతో వార్డంతా ఏం నేర్చుకుందో తెలుసా?"

"జాగ్రత్తగా ఉండాలని."

"తప్పు జరిగితే రిపోర్టు బుక్కులో రాయకూడదని."

ఇలాంటివాళ్ళకు అమెరికాలో ఆల్బర్ట్ వూ అనే డాక్టరు 2000లో ‘రెండో బాధితులు’ అని పేరు పెట్టాడని చెప్పాను. మొదటి బాధితుడు రోగి, రెండోది తప్పు చేసి కుమిలిపోయే వైద్య సిబ్బంది అని.

"ఆ వెంకటేశ్వర్లు భార్య ముందు ఈ మాట అనగలవా?"

అనలేను. ఆ మాట మానుకోమని రోగుల తరఫువాళ్ళు తర్వాత అడిగారు కూడా.

"బాధ నిజమే. నెలల తరబడి బాటిల్ మీద పేరు నాలుగేసిసార్లు చదివేదాన్ని. ఇంటికొచ్చాక కూడా, చూశానా లేదా అని. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. నన్ను నిలబెట్టింది మా పెద్ద సిస్టరు. వారం రోజులు మందుల రౌండుకి నా పక్కనే నడిచింది. ఒక్క మాట తిట్టలేదు. ప్రతి మంచం దగ్గరా రోగిచేత పేరు చెప్పించింది, తండ్రి పేరు చెప్పించింది, కేస్ షీటుతో సరిచూపించింది, అప్పుడుగానీ చెయ్యి పట్టుకోనివ్వలేదు. ఎనిమిదో రోజు, ‘ఇక నాకు కాళ్ళు నొప్పులే, నువ్వొక్కదానివే పో’ అంది. ఇప్పుడు చెప్పు, అది నా బాగోగులు చూడటమా? నాకు పని నేర్పడమా?"

"రెండూ."

"మరి నీ కాగితంలో సంక్షేమం ఒక పేజీలో, శిక్షణ ఇంకో పేజీలో ఎందుకున్నాయి?"

నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వ ఫైళ్ళలోనూ అవి వేరువేరు పద్దులే. చెయ్యి తిరిగితే భయం తగ్గుతుందని, భయం తగ్గితే నిద్రపడుతుందని ఏ పద్దులో రాస్తారు?

నా చేతిలో ఉన్న చివరి అస్త్రం చరకుడు. చికిత్సకు నాలుగు పాదాలన్నాడాయన: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. నాలుగు కాళ్ళ మీద నిలబడేదన్నమాట, నర్సు అందులో ఒక కాలు. పరిచారకుడికి మళ్ళీ నాలుగు గుణాలు చెప్పాడు. ఉపచారం తెలిసి ఉండటం, నేర్పు, అనురాగం, శుచి.

అక్క చేతిలో ముక్క పక్కన పెట్టింది. "మళ్ళీ చెప్పు. ప్రేమ ఎన్నోది?"

"మూడోది."

"మొదటిది తెలివి! రెండువేల ఏళ్ళ కిందటి ఆయనకి తెలిసింది. నీ నాలుగు పేజీల్లో మా తెలివి గురించి ఎక్కడైనా ఉందా?"

లేదు. కరుణ తొమ్మిదిచోట్ల ఉంది.

"ఇరవైరెండేళ్ళు స్టాఫ్‌నర్సుగానే ఉన్నాను. పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదువుతానంటే వార్డు ఖాళీ అవుతుందన్నారు. చదవకపోతే ఒకచోటే మురిగిపోతామని ఎవరూ అనుకోలేదు. మా మంచితనం అందరికీ కావాలి, మా బుర్రతో పని లేదు."

అప్పుడు కరీంనగర్ సంగతి చెప్పాను. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి అక్కడ ముప్ఫైమంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. అలాంటిచోట, మామూలు కాన్పు తానే చేసి, డాక్టర్ని ఎప్పుడు పిలవాలో తానే తేల్చుకోగల నర్సును తయారుచేయడమంటే చిన్న పని కాదు.

"నాకు ముప్ఫైయేళ్ళప్పుడు రావాల్సింది" అంది అక్క. ఆ గొంతులో అసూయే వినిపించింది నాకు. మంచి రకం అసూయ.

బేసిన్ నిండింది. చివరగా అడిగాను. "సేవ అనే మాట కూడా కొట్టేయనా?"

"దాన్నుంచు. అది నా మాట. చాప మీద ఎవరూ లేని ముసలాయన పోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నానంటే, చార్టులో ఉందని కాదు. దాన్ని సేవ అని నేనంటాను. నాచేత పని చేయించుకునేవాడు అనకూడదు. దానం సంగతీ అంతే కదా? ఇచ్చేవాడు అనాల్సిన మాట. ‘నాకు దానం ఇవ్వడం నీ ధర్మం’ అని పుచ్చుకునేవాడు కూర్చుంటే దాన్నేమంటారు? పైగా ఆ రాత్రి నాకు అయిదు నిమిషాలు దొరికాయి కాబట్టి కూర్చోగలిగాను. దొరకని రాత్రుళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళెలా పోయారో నాకు తెలీదు."

నాలుగు పేజీలు అరపేజీ అయింది. అక్క చెయ్యి తుడుచుకుని ఆహ్వానపత్రం తీసుకుంది.

"సభ పొద్దున పదకొండింటికా? మార్నింగ్ వాళ్ళు వార్డుల్లో ఉంటారు. రెండింటి డ్యూటీవాళ్ళు వంట చేసుకుని బయల్దేరాలి. హాలు నింపడానికి రాత్రి డ్యూటీ దిగినవాళ్ళని కూర్చోబెడతారు. నేనూ ఎన్నోసార్లు కూర్చున్నదాన్నే."

ఫోన్ చేసి సాయంత్రానికి మార్చమని అడిగాను. ముఖ్య అతిథికి వీలుపడదన్నారు. నాకు వీలేనన్నాను. "మీరు కాదండీ, ముఖ్య అతిథి వేరే ఉన్నారు" అన్నారు.

సభ పదకొండింటికే జరిగింది. దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు. నా వంతు వచ్చేసరికి మూడోవరసలో ఇద్దరమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతున్నారు. మైకు కొంచెం దూరం జరిపి, గొంతు తగ్గించి అరపేజీ చదివి దిగిపోయాను.