చేతికి అంటని నెత్తురు

మోన్‌సెగూర్ కోట ఫ్రాన్స్ దక్షిణాన, పిరనీస్ కొండల అంచున, 1,207 మీటర్ల ఎత్తున్న ఒంటరి రాతిగుట్ట మీద ఉంది. తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తీసుకెళ్ళాడు. అడవి నీడ దాటాక బాటంతా జనం తొక్కితొక్కి నున్నబడిన సున్నపురాయి. నిన్నటి వానకు జారుతోంది. మా ఆయన మోకాళ్ళు చూపించి కింద కారు దగ్గరే ఆగిపోయారు. సైన్యంలో ఇరవై ఏళ్ళు కొండలెక్కినాయన!

పైకెక్కాక చూడటానికి పెద్దగా ఏమీ లేదు. కప్పులేని ప్రహరీ, ఓ చివర బురుజు, అంతే. అయినా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. జూన్‌లో పగలు బాగా సాగే రోజున సూర్యకిరణం బురుజు సందుల్లోంచి నేరుగా దూరుతుందట, అందుకని ఇది సూర్యాలయమని కొందరు. ఏసు చివరి విందులో తాగిన పాత్రను ఇక్కడే దాచారని ఇంకొందరు. అసలు చిక్కేమిటంటే ఈ గోడలు, చర్చి వేటకు జడిసి ఒకప్పుడు ఇక్కడ తలదాచుకున్న కాథార్లనే మతశాఖవాళ్ళవి కావు. 1244లో కోట చేజారాక, గెలిచిన పక్షం ప్రభువులు కట్టించుకున్నవి. కాథార్ల ఇళ్ళు ప్రహరీ బయట, కొండవాలున. పునాది రాళ్ళే మిగిలాయి. బురుజు దగ్గర ఫొటోలు దిగేవాళ్ళలో అటు తొంగిచూసినవాళ్ళు తక్కువ.

కాథార్లూ క్రైస్తవులమనే చెప్పుకున్నారు. అయితే ఈ లోకాన్ని చేసింది మంచి దేవుడు కాదని, ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి, జంతువుల్లోకి కూడా, మారుతూ తిరుగుతుందని నమ్మారు. తర్వాతి కాలపు విచారణ పత్రాల్లో ఒక కథ ఉంది. ఒకాయన తాను పోయిన జన్మలో గుర్రాన్నని, ఫలానా చోట రాళ్ళ సందున నాడా ఊడిపోయిందని చెప్పి, వెతికి తీసి చూపించాడట. అది చదివినప్పుడు నాకు మా ఊరి అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది. వాళ్ళలో దీక్ష తీసుకున్నవాళ్ళు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ప్రమాణం చెయ్యరు. చంపరు.

చంపనివాళ్ళకు కోట ఎందుకన్నదే నా ప్రశ్న.

వాళ్ళు అడిగితేనే రేమోన్ ద పెరేయ్ అనే ప్రభువు 1204 ప్రాంతంలో పాడుబడ్డ కోటను బాగుచేయించాడు. దీక్షాపరులకు కాపలాగా కత్తులు పట్టినవాళ్ళు చేరారు. 1242 మే నెలలో ఆ కాపలాదారులే అవిన్యోనె అనే ఊరికి వెళ్ళి, రాత్రివేళ ఇద్దరు మతవిచారణాధికారులనూ వాళ్ళ పరివారాన్నీ గొడ్డళ్ళతో నరికి వచ్చారు. వాళ్ళ నాయకుడు పియేర్ రోజే, చచ్చిన అధికారి పుర్రె తెచ్చి ఉంటే బంగారు కట్టు వేయించి అందులో తాగేవాణ్ణని విసుక్కున్నాడని వాంగ్మూలాల్లో ఉంది. ఆ మాట అన్న మనిషి ఉన్నది ఈ కొండమీదే. నాలుగడుగుల్లో, కోడిగుడ్డు కూడా ముట్టనివాళ్ళు ప్రార్థన చేసుకునేవాళ్ళు. వాళ్ళ చెవిన పడలేదంటే నేను నమ్మను. ఇంత ఇరుకు కొండ మీద ఎవరు తుమ్మినా అందరికీ వినపడుతుంది.

అవతల, చర్చి పక్షం చేతులూ అంతే శుభ్రం. మతగురువులు మరణశిక్ష వెయ్యకూడదని 1215లో రోమ్‌లో జరిగిన చర్చి మహాసభ తీర్మానించింది. కాబట్టి దోషిని రాజోద్యోగులకు అప్పగిస్తారు. మంట వాళ్ళే వెలిగిస్తారు. మోన్‌సెగూర్ ముట్టడిలో ఆల్బి పట్టణపు బిషప్ రాళ్ళు విసిరే యంత్రాల పని చూశాడు. రాయి విసరడం నెత్తురు చిందించడం కింద లెక్కలోకి రాలేదు కాబోలు.

నవ్వడానికి నాకూ హక్కు లేదు. మాది పశ్చిమ గోదావరిలో, మిలటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరికి దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల ఇంటికొకరు ఫౌజులో ఉంటారు. మా అత్తగారు గురువు దగ్గర ఉపదేశం తీసుకుని నీసు మానేసింది. వాకిట్లో ముగ్గు బియ్యప్పిండితోనే వేసేది, చీమలు తింటాయని. కొడుకు సెలవు మీద వస్తే మాత్రం కోడి తెగాల్సిందే. పాలేరు దొడ్లో కోసేవాడు, నేను అక్కడే వేరే దాకలో వండేదాన్ని, ఆవిడ అటు వచ్చేది కాదు. 1971 యుద్ధం నడిచినన్నాళ్ళూ దీపం కొండెక్కకుండా కాచుకుంది. ఆయన తిరిగొచ్చాక మనియార్డరు డబ్బుల్లోంచి గురువుగారి ఆశ్రమంలో అన్నదానం చేయించింది. ఆ డబ్బు ఎలా వచ్చిందని ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు. తూర్పు సరిహద్దున ఏం జరిగిందో ఆయన ఇప్పటికీ ఇంట్లో ఎత్తరు.

అహింసకు కాపలా కావాలి, కాపలాకు కత్తి కావాలి. ఇది తప్పదనుకుందాం. ఆయుధం పట్టనని ఒట్టేసిన కృష్ణుడూ రథమైతే తోలాడు. కానీ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది? మోన్‌సెగూర్‌లో ఆ లెక్క విచిత్రంగా తేలింది. 1243 మే నుంచి ముట్టడి వేసినా కోట లొంగలేదు. చివరికి ముట్టడిదారుల్లో కొండలెక్కడం తెలిసిన కొందరు రాత్రిపూట నిట్టనిలువు కొండ పాకి తూర్పు కొసను పట్టుకున్నారు. తెల్లారాక, తాము ఎక్కిన దారి చూసి వాళ్ళే హడలిపోయారట. మార్చి మొదట్లో సంధి కుదిరింది. షరతులు చూడండి: కాపలాదారులు చిన్నపాటి ప్రాయశ్చిత్తంతో వెళ్ళిపోవచ్చు, అవిన్యోనె హత్యలకూ క్షమాపణ. మతం వదులుకుంటే దీక్షాపరులూ బతకొచ్చు. వదులుకోకపోతే మంట. మార్చి 16న రెండు వందల మందికి పైగా కాలిపోయారు. గొడ్డలి పట్టినవాడు కొండ దిగి వెళ్ళిపోయాడు, చీమకు హాని చెయ్యనివాడు బూడిదయ్యాడు.

అందరూ అలా దిగిపోలేదు. దిగడానికి పదిహేను రోజుల గడువు దొరికింది. ఆ గడువులో ఇరవై మంది దాకా కొత్తగా దీక్ష తీసుకున్నారు. తీసుకుంటే ఏమవుతుందో తెలిసే తీసుకున్నారు. వాళ్ళలో సైనికులున్నారు. రేమోన్ భార్య కోర్బా, కూతురు ఎస్క్లార్‌మోండ్ ఉన్నారు. కోర్బా తల్లి మార్కేజియా అప్పటికే దీక్షలో ఉంది. మూడు తరాల ఆడవాళ్ళు ఒకే మంటలోకి వెళ్ళారు. దీన్ని భక్తి అనడానికి నాకు నోరు రావడం లేదు, పిచ్చి అనడానికి అసలే రావడం లేదు. ఆ సైనికుల సంగతి మాత్రం కొంత అర్థమవుతుంది. ఇన్నాళ్ళూ ఎవరి తరఫున కత్తి పట్టారో వాళ్ళను మంట దగ్గర వదిలి ఇంటికి పోలేకపోయారు.

దిగొచ్చాక మా ఆయనకు షరతులు చెప్పాను. "లొంగిపోయిన సిపాయిని వదిలెయ్యడం కొత్తేం కాదు" అన్నారు, కారు తలుపు తీస్తూ. మరి ఆ దీక్ష తీసుకున్నవాళ్ళో అంటే, "వాళ్ళు అప్పటికి సిపాయిలు కారుగా" అన్నారు.

రేమోన్ బతికాడు. నెలన్నర తర్వాత విచారణాధికారి ముందు కూర్చుని, కోటలో ఎవరెవరున్నారో, ఎవరు దీక్ష తీసుకున్నారో వాంగ్మూలమిచ్చాడు. గుమాస్తా రాసుకున్నాడు. కాలినవాళ్ళ మీద ఎన్నో పుస్తకాలొచ్చాయి. కోట బాగుచేయించి, అహింసకు గోడ కట్టి, భార్యనూ కూతురినీ అత్తగారినీ పోగొట్టుకుని మిగిలిన ఈ మనిషి తన చేతులను ఏ లెక్కన చూసుకున్నాడన్నది నాకు కావాలి. ఆ వాంగ్మూలంలో అది లేదు. అధికారి ఆ ప్రశ్న అడగలేదు మరి.